అలీ చెమట ఇంకిన గుడ్డ

మొదటి రోజు, శుక్రవారం: వాషింగ్టన్

మా మనవరాలికి పదమూడేళ్లు. 2022లో మా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు, ఇక్కడ వర్జీనియాలో టీవీ ముందు కూర్చొని "నేను కూడా నేర్చుకుంటా" అన్నదట. అప్పటి నుంచి వారానికి మూడు సాయంత్రాలు బాక్సింగ్ జిమ్‌కు పోతున్నది. నేను బిడ్డ ఇంటికి వచ్చిన రోజే, సూట్‌కేసు ఇంకా తెరవకముందే అడిగింది.

"తాతా, నువ్వు టైలర్‌వి కదా. మహమ్మద్ అలీ ప్రాక్టీసులో వేసుకున్న రోబ్ మ్యూజియంలో ఉన్నది. చూస్తవా?"

బాక్సర్లు ఒంటిమీద కప్పుకొనే పొడుగాటి అంగీని రోబ్ అంటారు. ఫోన్‌లో తను చూపించిన వివరాల్లో గుడ్డ పేరు 'టెర్రీ క్లాత్' అని ఉంది. ఆ మాట విన్నాక నేను ఆగలేకపోయాను. టెర్రీ అంటే మనం టర్కీ టవల్ అనే గుడ్డ. నేను పుట్టి పెరిగింది సోలాపూర్‌లో. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. బాపు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, టర్కీ టవళ్లు నేసేవాడు. ఆ సాంచాల చప్పుడులో పెరిగి, ఇరవయ్యో ఏట టైలర్ పని నేర్చుకోవడానికి నిజామాబాద్ వచ్చి అక్కడే ఉండిపోయాను. బాపు నేసిన లాంటి గుడ్డను అమెరికాలో అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తున్నారంటే చూడకుండా ఎలా ఉంటాను?

ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కాం. స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగి కొంచెం నడిస్తే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియం. 2016 సెప్టెంబర్ 24న అప్పటి అధ్యక్షుడు ఒబామా దీన్ని ప్రారంభించారు. దూరానికి మూడు పెద్ద గంపలు ఒకదాని మీద ఒకటి బోర్లించకుండా పేర్చినట్టు ఉంటుంది. దగ్గరికి పోతే ఆ గోడంతా కంచు రంగు జాలీ. న్యూ ఆర్లీన్స్, చార్ల్స్‌టన్ ఊళ్లలో నల్లజాతి కమ్మరులు, అందులో బానిసలుగా ఉన్నవాళ్లు కూడా, చేసిన ఇనుప కమ్మీల పనిని చూసి ఆ జాలీ గీశారని మనవరాలు చదివి చెప్పింది. పనిచేసిన చేతులను గుర్తు పెట్టుకొని కట్టిన ఇల్లు ఇది అనిపించి, గుమ్మం బయటే కాసేపు నిలబడ్డాను. టికెట్ లేదు. ముందుగా సమయం రాయించుకుంటే చాలు.

చరిత్ర భాగం నేల అడుగున ఉంది. లిఫ్టు దిగుతుంటే గోడ మీద సంవత్సరాలు వెనక్కి పోతుంటాయి, 1400ల దాకా. అక్కడి నుంచి నడుస్తూ, ఎక్కుతూ మన కాలానికి రావాలి. బానిసల సంకెళ్లు, చిన్నపిల్లలకు వేసినవి కూడా ఉన్నాయి. వాటి ముందు మా బిడ్డ తన కూతురి చేయి గట్టిగా పట్టుకుంది. నేను ఇక్కడ వాటి గురించి ఎక్కువ రాయలేను.

పైకి వస్తున్న దారిలో ఒక గౌను దగ్గర ఆగాను. కుట్టింది రోజా పార్క్స్. 1955 డిసెంబర్ 1న మాంట్‌గమరీ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనని కూర్చుండిపోయిన మనిషి. ఆ అరెస్టు తర్వాత ఊరి నల్లవాళ్లంతా 381 రోజులు బస్సెక్కలేదు. ఇదంతా నాకు ముందే తెలుసు. కాని ఆమె బట్టలు కుట్టి బతికేదని తెలియదు. పెద్ద దుకాణంలో దర్జీ పని. అరెస్టయ్యే రోజుల్లో ఆమె చేతిలో ఉన్న కుట్టుపని ఈ గౌనే. చీటీలో మొదటి మాటే 'రోజా పార్క్స్ కుట్టిన గౌను'. నలభై ఏళ్లు మిషన్ తొక్కాను. కుట్టిన మనిషి పేరు ముందు రాసిన బట్టను అంతకుముందు నేనెక్కడా చూడలేదు.

ఆటల గది మూడో అంతస్తులో. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పతకాల మెట్టు మీద నల్లవాళ్లకు జరిగే అన్యాయానికి నిరసనగా పిడికిలి ఎత్తిన టామీ స్మిత్, జాన్ కార్లోస్, పక్కన రెండో స్థానంలో వచ్చిన పీటర్ నార్మన్ నిలువెత్తు బొమ్మలు ముందుగా కనబడతాయి. మనవరాలు వాటిని దాటి పరుగెత్తింది. నేను చేరేసరికి అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

అలీ తలకు కట్టుకున్న తోలు హెడ్‌గేర్, 1960 ప్రాంతానిది. 1964 నాటి టర్కీ గుడ్డ రోబ్. రెండూ మయామీ బీచ్‌లోని ఫిఫ్త్ స్ట్రీట్ జిమ్‌లో వాడినవే. పోటీలో వేసుకున్నవి కావు, సాధనలో వేసుకున్నవి.

ఇక్కడ గుడ్డ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మామూలు నేతకు ఒక పడుగు, ఒక పేక. టర్కీ నేతకు పడుగులు రెండు. ఒకటి బిగువుగా లాగి కట్టింది. రెండోది వదులుగా వదిలింది. పేక పోగును అటూ ఇటూ మోసే నాడె రెండుసార్లు పోయినప్పుడు పేకను పూర్తిగా దగ్గరికి కొట్టరు, కొంచెం ఎడం ఉంచుతారు. మూడోసారి పోయాక, దువ్వెనలా ఉండే పన్నె మూడు పోగులనూ కలిపి ఒక్క దెబ్బకు ముందుకు తోస్తుంది. బిగువు పడుగు కదలదు. వదులు పడుగు పోయేందుకు చోటు లేక పైకి ఉంగరంలా లేస్తుంది. ఆ ఉంగరాలే చెమటను తాగేవి. ప్రతి మూడో దెబ్బకూ ఒక వరుస ఉంగరాలు. బాపు పక్కన కూర్చొని ఆ మూడో దెబ్బ కోసం లెక్కపెట్టేవాణ్ని. ఇప్పటికీ సాంచా చప్పుడు గుర్తొస్తే ఒకటి, రెండు అని కాదు, మూడు అనే దగ్గర గుండె కొట్టుకుంటుంది.

"మయామీలో అంత ఎండ కదా, దీన్ని ఎందుకు వేసుకున్నడు?" అని మా బిడ్డ అడిగింది. జవాబు మనవరాలు చెప్పింది. ప్రాక్టీసు అయ్యాక ఒళ్లు ఒక్కసారిగా చల్లారితే కండరాలు బిగుసుకుపోతాయట. అందుకే కోచ్ వెంటనే ఏదో ఒకటి కప్పుకోమంటాడట. చెమట పీల్చాలి, వేడి పోనియ్యకూడదు. రెండు పనులూ చేసే గుడ్డ ఇదే.

నా కళ్లు మెడ పట్టీ దగ్గరికే పోతున్నాయి. టర్కీ గుడ్డలో ముందుగా అణిగేవి మెడ దగ్గరి ఉంగరాలు, తర్వాత చంకలవి. మనిషి ఎంత వాడాడో అక్కడే తెలుస్తుంది. కాని వెలుతురు బాగా తక్కువ. అక్కడున్న వలంటీరు పెద్దమ్మను మనవరాలి చేత అడిగించాను. మెల్లగా, ఓపికగా చెప్పింది. నూలు గుడ్డకు వెలుతురు శత్రువు. ఒకసారి పాడైన పోగు మళ్లీ బాగుపడదు. అందుకే మ్యూజియాలు బట్టల మీద సుమారు 50 లక్స్ మించి వెలుతురు పడనియ్యవు. లక్స్ అంటే వెలుతురు కొలత. మన ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఉండేదాంట్లో అది కొద్ది భాగమే. కొన్నాళ్లు చూపించి, మళ్లీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి చీకట్లో పెట్టేస్తారు. గాలిలో తేమ ఒక్క తీరుగా ఉంచుతారు.

"ఉతుకుతారా?" అని అడిగించాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇలాంటి బట్టను ఉతకాలని ఎవరూ తొందరపడరట. పాత నూలు నీళ్లలో ఉబ్బితే తెగుతుంది. అది ఒక కారణం. ఇంకొకటి, మరక కూడా చరిత్రే. చెమటలో ఉప్పూ పులుపూ ఉంటాయి, అవి పోగును మెల్లగా తింటాయి. అయినా ఆ చెమటే కదా ఈ బట్టను ఇక్కడికి తెచ్చింది. తీసేయాలా, ఉంచాలా అని ప్రతి బట్ట దగ్గరా ఆలోచించుకోవాల్సిందేనట.

తిరుగు రైల్లో మనవరాలు నాకు మయామీ కథ చెప్పింది. రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాక, 1960 చివర్లో, అప్పటికి కేషియస్ క్లే అనే పేరున్న అలీ ఏంజెలో డండీ దగ్గర శిక్షణకు మయామీ వచ్చాడు. ఫిఫ్త్ స్ట్రీట్ జిమ్ డండీ అన్న క్రిస్ 1950లో తెరిచింది. మెట్లెక్కి పోవాలి, చెద పట్టిన చెక్క నేల. నల్లవాళ్లు మయామీ బీచ్‌లో ఉండటానికి వీల్లేదు గనుక అలీ నీళ్లకు ఇవతల ఓవర్‌టౌన్‌లో ఉండేవాడు. వంతెన దారి మీదుగా పరుగెత్తుకుంటూ జిమ్‌కు పోయేవాడు. నల్లకుర్రాడు పరుగెడుతున్నాడని పోలీసులు ఆపేవారు.

1961లో ఫ్లిప్ షుల్కీ అనే ఫొటోగ్రాఫర్ ఒక పత్రిక కోసం అతని బొమ్మలు తీయడానికి వచ్చాడు. అతనితో కలిసి అలీ మయామీలో ఒక పెద్ద బట్టల దుకాణానికి పోతే, చొక్కా కొనుక్కోవచ్చు గాని ఒంటికి వేసి చూసుకోవడానికి వీల్లేదన్నారు. ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన మనిషి. నల్ల ఒంటిని తాకిన చొక్కా ఇంకెవరూ కొనరని.

మనవరాలు ఇది కోపంగా చెప్పింది. నేనేమీ మాట్లాడలేకపోయాను. నేను పని నేర్చుకున్న కొట్టులో మా ఉస్తాద్ కొందరికి టేపు పెట్టేవాడు కాదు. వాళ్లు గుమ్మం బయటే నిలబడేవారు. "పాత చొక్కా తెచ్చియ్యి, దాన్ని చూసి కుడత" అనేవాడు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ అడగలేదు. నా సొంత కొట్టు పెట్టుకున్నాక మొదటి రోజు నుంచి అందరి భుజాల మీదా టేపు వేశాను. కాని ఆ రెండేళ్లు నావే. ఫాల్స్ చర్చ్ స్టేషన్ దాటాక ఈ మాట మనవరాలికి చెప్పాను. ఆమె చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుంది.

రెండో రోజు, శనివారం: మళ్లీ వాషింగ్టన్

నిన్నటి మ్యూజియం పక్కనే అమెరికన్ చరిత్ర మ్యూజియం. 1976 మార్చిలో అలీ స్వయంగా ఇక్కడికి వచ్చి తన గ్లవ్స్, రోబ్ ఇచ్చాడు. ఈ భవనంలో అన్నిటికన్నా పేరు తెచ్చుకునే వస్తువులు ఈ గ్లవ్సేనని అప్పుడే చెప్పాడట. మేం పోయిన రోజు అవి బయట కనబడలేదు. చీకట్లో విశ్రాంతి తీసుకుంటున్నాయేమో అనుకున్నాం. నిన్న ఆ పెద్దమ్మ మాటలు విన్నాను గనుక నాకు నిరాశ కలగలేదు.

దాని బదులు ఒక జెండా చూశాం. నేను ఒక గంట అక్కడే ఉన్నాను. 1813లో బాల్టిమోర్‌లో మేరీ పికర్స్‌గిల్ అనే ఆమె కుట్టిన జెండా, పదిహేను నక్షత్రాలు, పదిహేను చారలు. మరుసటి ఏడు మెక్‌హెన్రీ కోట మీద ఇది ఎగరడం చూసి రాసిన పాటే ఈ దేశానికి జాతీయ గీతం అయింది. కుట్టినప్పుడు పొడవు 42 అడుగులు, వెడల్పు 30. జ్ఞాపకంగా ఉంచుకుంటామని జనం ముక్కలు కత్తిరించుకుపోగా ఇప్పుడు పొడవు 34 అడుగులే ఉంది. చీకటి గదిలో, కొంచెం ఏటవాలు బల్ల మీద పడుకోబెట్టారు. ఫొటో తీయనియ్యరు.

దీని కథలో నన్ను పట్టుకున్నది మరమ్మతు. 1914లో జెండా శిథిలమవుతుంటే నారబట్ట మీద పరిచి సూదితో కుట్టారు. ఆ కుట్లు దాదాపు 17 లక్షలు. ఆ కాలానికి అది గొప్ప పనే. కాని కాలం గడిచేకొద్దీ ఆ నారబట్టే జెండా ఉన్నిని లాగి చీల్చడం మొదలెట్టింది. 1998 తర్వాత మళ్లీ మరమ్మతుకు పెట్టినప్పుడు ఆ 17 లక్షల కుట్లనూ ఒక్కొక్కటిగా కత్తిరించి తీసేశారు. కుట్టడం తెలిసినవాడికి విప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది. చేతికి వేగం అలవాటు. విప్పేటప్పుడు ఆ వేగాన్ని చంపుకోవాలి. ఆ పని చేసినవాళ్ల వేళ్లకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

ఇంకొక మాట. మేరీతో పాటు ఆమె కూతురు, బంధువుల ఆడపిల్లలు కుట్టారు. గ్రేస్ విషర్ అనే నల్లపిల్ల కూడా. ఒప్పందం మీద ఆ ఇంట్లో పనికి ఉన్న పిల్ల. జెండా కుట్టే నాటికి పదమూడేళ్లు.

"నా ఏజే" అంది మనవరాలు. ఫొటో తీయనియ్యరని నా నోట్‌బుక్కు తీసుకొని ఆ పేరు తెలుగులో రాసుకుంది. వొత్తులు తప్పు పోలేదు.

మూడో రోజు, ఆదివారం: డీర్ లేక్, పెన్సిల్వేనియా

పొద్దున్నే పులిహోర డబ్బాలు కట్టుకొని కారులో బయల్దేరాం. మూడు గంటలు పైనే పట్టింది. అల్లుడు నడిపాడు. దారంతా కొండలు, జొన్న కాదు గాని జొన్నలాగే నిలబడ్డ మక్క చేన్లు.

1972లో అలీ ఇక్కడ కొండ మీద భూమి కొని శిక్షణ శిబిరం కట్టుకున్నాడు. అప్పటికి అతను చాలా చూశాడు. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. కొద్ది రోజుల్లోనే పేరు మార్చుకున్నాడు. పత్రికలు చాలాకాలం కొత్త పేరు రాయలేదు. అంటే మొన్న చూసిన రోబ్ వేసుకున్న ఏడు, ఆ మనిషిని ఏ పేరుతో పిలవాలో కూడా లోకం ఒప్పుకోని ఏడు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో వియత్నాం యుద్ధానికి రానని నిలబడ్డాడు. టైటిల్ లాక్కున్నారు, మూడేళ్లకు పైగా పోటీలు లేవు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు అతనికి పడిన శిక్షను కొట్టేసింది. ఆ మరుసటి ఏడు ఈ కొండ.

దుంగలతో కట్టిన గుడిసెలు. గుడిసెల మధ్య గజరాజుల్లా పెద్ద పెద్ద బండరాళ్లు, ఒక్కో దాని మీద ఒక్కో బాక్సర్ పేరు. జో లూయిస్, రాకీ మార్సియానో, జాక్ జాన్సన్. ఆ అక్షరాలు రాసింది అలీ నాన్న. పెద్ద కేషియస్ క్లే లూయీవిల్‌లో సైన్‌బోర్డులు రాసి బతికినవాడు, చర్చిల్లో గోడల మీద బొమ్మలు వేసినవాడు. కొడుకు ప్రపంచంలో అందరికీ తెలిసిన మనిషి అయ్యాక కూడా కుంచె పట్టుకొని వచ్చి రాళ్ల మీద పేర్లు రాశాడు. వంటింటి గోడ మీద నియమాల పట్టిక కూడా ఆయన రాసిందే. వంటమనిషి అనుమతి లేకుండా ఎవరూ లోపలికి రాకూడదన్నది అందులో ముఖ్యమైనది. మా బిడ్డ అది చదివి, "ఇది మన ఇంట్ల కూడ రాయాలె బాపూ" అంది.

ఆ రాళ్ల మీద వేలు పెట్టి అక్షరాల వంపు చూశాను. సైన్‌బోర్డు రాసేవాడి చేయి అది. మొదటి గీతలోనే అక్షరం ఎంత వెడల్పు రావాలో కంటితో కొలుచుకున్నవాడి చేయి. మాకు బట్ట మీద సుద్దతో గీసేటప్పుడు ఉండే లెక్కే. ఆయన రాసిన ఏ రాయి మీదా ఆయన పేరు నాకు కనబడలేదు.

జిమ్ గుడిసెలో రింగు, సంచులు, గోడల నిండా ఫొటోలు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఓడించడానికీ, 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో తలపడటానికీ ముందు ఇక్కడే సాధన చేశాడు. చీకటితో లేచి బరువైన బూట్లు వేసుకొని పరుగెత్తేవాడు. రింగులో తేలిక బూట్లు వేసుకున్నప్పుడు కాళ్లు ఎగిరిపోయినట్టు ఉండాలని. గొడ్డలితో చెట్లు కొట్టేవాడు. ఫొటోల్లో అతని ఒంటిమీద మెరిసే బట్ట ఒక్కటీ లేదు. బూడిద రంగు బనియన్లు, మెడ దగ్గర తడి.

1973లో ఎల్విస్ ప్రెస్లీ అతనికి రాళ్లు పొదిగిన రోబ్ ఒకటి బహుమతిగా ఇచ్చాడు. దాన్ని చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. నాకు మాత్రం ఈ బూడిద బనియనే అసలు అలీ అనిపించింది. పోటీ రాత్రి రోబ్ ఒంటి మీద ఉండేది నడిచి వచ్చే కొద్ది నిమిషాలే. సాధన బట్ట ప్రతి రోజూ తడిసి, ఆరి, మళ్లీ తడిసేది. నేను కుట్టిన బట్టల్లో కూడా పెళ్లి కోటు కన్నా రోజూ పొలానికి వేసుకుపోయే చొక్కాకే గట్టి కుట్టు వేసేవాణ్ని.

చెమట పట్టించి బరువు దించడానికి పాత బాక్సర్లు రబ్బరు బట్టలు తొడుక్కునేవారు. మనవరాలి కోచ్ వాటిని ముట్టుకోనియ్యడట. పోయేది కొవ్వు కాదు, నీళ్లు. తాగితే తిరిగి వస్తాయి. తాగకుండా బిగబట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రబ్బరుకు గాలి ఆడదు, నూలుకు ఆడుతుంది. ఆ తేడా నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ శిబిరాన్ని కొత్త యజమాని బాగు చేయించి 2019లో జనానికి తెరిచారు. టికెట్ లేదు. రాళ్ల మీద కూర్చొని పులిహోర తిన్నాం.

నాలుగు, ఐదు రోజులు: ఇల్లు

సోమ, మంగళవారాలు ఎటూ పోలేదు. మనవరాలి చేతి పట్టీలు మిషన్‌లో వేస్తే మిగతా బట్టలన్నిటికీ చుట్టుకొని ముడి పడ్డాయి. ఒక్కో పట్టీ నాలుగున్నర మీటర్లు. కూర్చొని ముడులు విప్పి, నీడలో ఆరేసి, చుట్టలు చుట్టి పెట్టాను. మణికట్టు దగ్గర నూలు పల్చబడిన చోట చేతి కుట్టు వేశాను.

ఏడో రోజు, గురువారం: లూయీవిల్, కెంటకీ

బుధవారం రాత్రి దిగిన విమానాశ్రయానికే అలీ పేరు, 2019 నుంచి. పొద్దున్నే గ్రాండ్ అవెన్యూ, 3302 నంబరు. చిన్న గులాబీ రంగు ఇల్లు, ముందు చరిత్ర చెప్పే బోర్డు. లోపలికి పోలేదు, బయట నుంచే చూశాం. తల్లి ఒడెస్సా ఈ ఇంటి నుంచే తెల్లవాళ్ల ఇళ్లకు వంటకు, ఇల్లు తుడవడానికి పోయేది. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఎదురింటి ముసలాయన చేయి ఊపాడు, మేమూ ఊపాం.

తర్వాత ఊళ్లో కొలంబియా ఆడిటోరియం ఉన్న భవనం. ఇప్పుడది స్పాల్డింగ్ విశ్వవిద్యాలయానిది. బయట ఎర్ర సైకిల్ ఒకటి వేలాడుతుంది. 1954లో పన్నెండేళ్ల కేషియస్ కొత్త సైకిల్ ఇక్కడే పోయింది. ఏడుస్తూ, దొంగను కొడతానంటూ పోలీసును వెతుక్కుంటూ నేలమాళిగలోకి దిగాడు. అక్కడ జో మార్టిన్ అనే పోలీసు పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు. కొట్టాలంటే ముందు కొట్టడం నేర్చుకోమన్నాడు. అప్పుడు పిల్లవాడి బరువు నలభై కిలోలు.

"నాకంటే తక్కువ" అంది మనవరాలు, ఎంతో గంభీరంగా.

ఈ ఊరివాడే జిమ్మీ ఎల్లిస్. చిన్నప్పటి నుంచి అలీ స్నేహితుడు, తనూ హెవీవెయిట్ ఛాంపియన్ అయినవాడు. 1980లో అలీ మన దేశం వచ్చినప్పుడు మద్రాసు నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడింది ఈ ఎల్లిస్‌తోనే. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మద్రాసు పోవడానికి డబ్బుల్లేవు. కొట్టు పక్క హోటల్లో పేపరు చదివాను. ఈ సంగతి చెబితే అల్లుడు, "ఇప్పుడు ఇద్దరి ఊరికే వచ్చిన్రు కదా మామా" అన్నాడు.

ఎనిమిదో రోజు, శుక్రవారం: లూయీవిల్

పొద్దున కేవ్ హిల్ శ్మశానంలో అలీ సమాధి చూశాం. 2016 జూన్ 3న పోయాడు, వారానికి ఇక్కడ పూడ్చారు. ఎవరో చిన్నపిల్లల గ్లవ్స్ జత పెట్టి పోయారు. మనవరాలు వాటిని ముట్టుకోకుండా, పక్కన పడ్డ ఎండుటాకులు మాత్రం తీసేసింది.

మధ్యాహ్నం అలీ సెంటర్. 2005 నవంబర్‌లో తెరిచిన మ్యూజియం, ఒహాయో నది పక్కన. ఇందులో డీర్ లేక్ జిమ్ లాంటి చోటు ఒకటి కట్టారు. సంచి కొట్టొచ్చు, అలీ నీడతో తలపడొచ్చు. ఆదివారం అసలుదాన్ని చూసి వచ్చినవాళ్లం గనుక దుంగల వాసన లేదని వెంటనే తెలిసింది. కాని మనవరాలికి అదేమీ పట్టలేదు. చిన్న సంచి ముందు నిలబడి మొదలుపెట్టింది. ముందు ఎడమ, ఎడమ, తర్వాత కుడి. నేను ఆమె కొట్టడం అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మూడో దెబ్బ పడ్డప్పుడల్లా నాకు పన్నె చప్పుడు వినిపించింది.

అయిపోయేసరికి జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది. అక్కడ ఏసీ చల్లగా ఉంది. నా సంచిలో సోలాపూర్ టవల్ ఉంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు "ఇక్కడ టవల్స్ లేవా బాపూ" అని బిడ్డ ఫోన్‌లో అన్నా వినకుండా తెచ్చుకున్నది. తీసి ఆమె భుజాల మీద కప్పాను. మెడ చుట్టూ లాక్కొని బెంచీ మీద కూర్చుంది.

"ఇది ముత్తాత నేసిందా తాతా?"

"కాదు బిడ్డా. ఆయన పోయి ముప్పై ఏండ్లయింది. ఇది ఎవరు నేసిన్రో తెలువది."

"చీటీ మీద లేదా?"

అంచు తిప్పి చూసింది. కంపెనీ పేరు ఉంది, ఊరి పేరు ఉంది, సైజు ఉంది. వాషింగ్టన్‌లో అలీ రోబ్ పక్కన రాసినదాంట్లో కూడా ఎవరు వేసుకున్నారో, ఎక్కడో, ఎప్పుడో ఉంది. దాని ఉంగరాలు లేపిన చేయి ఎవరిదో, మెడ పట్టీ కుట్టిన మిషన్ ముందు ఎవరు కూర్చున్నారో లేదు. మొదటి రోజు నుంచీ నా మనసులో ఉన్న మాట ఇదే. రోజా పార్క్స్ గౌను చూడకపోతే ఆ లోటు నాకూ తట్టేది కాదేమో. మనవరాలు నా నోట్‌బుక్కు అడిగి తీసుకుంది. గ్రేస్ విషర్ పేరు రాసిన పేజీ కింద, మ్యూజియం వాళ్ల తీరులోనే రాసింది. సోలాపూర్ టవల్. నూలు. వాడినది నేను, లూయీవిల్‌లో. నేసినవారు, అని రాసి పక్కన గీత గీసి ఖాళీ వదిలింది.

రాత్రి హోటల్లో టవల్ ఆరేస్తుంటే ఒక మూల అంచు కుట్టు రెండంగుళాలు ఊడి కనిపించింది. లాగితే ఇంకా పోతుంది. మంచం పక్క దీపం దగ్గరికి కుర్చీ జరుపుకొని, సూదిలో తెల్ల దారం ఎక్కించాను. మనవరాలు అప్పటికే నిద్రపోయింది. టవల్ ఇంకా తడిగా ఉంది. తడి గుడ్డ మీద కుట్టకూడదు, ఆరాక ముడుచుకుంటుంది. సూది దిండుకు గుచ్చి, అది ఆరేదాకా కూర్చున్నాను.